యాభయ్యో చప్పుడు

మా రేడియోలో పొద్దుటి కార్యక్రమం తొమ్మిదికి మొదలై పదికి అయిపోతుంది. అందులో సెకన్లు చూసే పని నాది. స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని, ఏది ఎంతసేపు వచ్చిందో రూళ్ల నోటుబుక్కులో రాసుకుంటాను. వాతావరణం రెండు నిమిషాల పది సెకన్లు. మిర్చి తెగుళ్ల గురించి ఆరు నిమిషాల నలభై. మధ్యలో దగ్గు నాలుగు సెకన్లు. దగ్గు కూడా రాయాలా అని మొదట్లో నవ్వారు. గంటలో మూడు వేల ఆరు వందల సెకన్లు ఉన్నప్పుడు ఆ నాలుగూ ఎటు పోయాయో ఎవరో ఒకరు చెప్పాలి కదా అన్నాను. తర్వాత నవ్వలేదు.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. ఏడో తరగతితో బడి మానేశాను. ముప్పై ఏళ్లుగా మండల కేంద్రంలో బస్సులు ఆగే చోట కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు, బడి పిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. మనిషిని చూసి గుడ్డ ఎంత పడుతుందో నోటితోనే చెప్పేస్తాను. పావు మీటరు ఎక్కువ తెప్పించానంటే ఆ రోజు నాకు అన్నం సహించదు. ఊరి రేడియో పెడుతున్నాం, ఉత్సాహం ఉన్నవాళ్లు రండి అని పిలిచినప్పుడు వచ్చినవాళ్లంతా మైకు వైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను. అది ఇరవై సెకన్లు వెనక ఉంది.

తొమ్మిదిన్నరకు పన్నెండు నిమిషాలు కొత్త సంగీతానిది. దాన్ని నడిపే అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. తండ్రి పాల్వంచలో కరెంటు ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేశాడు. కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి మోటార్ల హోరు, సైరను, షిఫ్టు బస్సు బ్రేకులు, ఇవన్నీ ఆమెకు పాటలే. సినిమాలతో, కంపెనీలతో సంబంధం లేకుండా ఇంట్లో కూర్చుని సొంతంగా సంగీతం చేసుకునేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారట. వాళ్లను ఫోనులో వెతికి పట్టుకుని, అడిగి తెప్పించి, మా ములకలపల్లి వైపు ఊళ్లకు వినిపించేది. ఒకరు రేకుల మీద వాన చప్పుడును నెమ్మదిగా సాగదీసి పంపారు. ఇంకొకరు వీణ తీగల మీద చెంచా దొర్లించారు.

మొదటి రోజు నేను వైరు ఊడిందనుకుని స్టూడియో మిషను మీద రెండు దెబ్బలు వేశాను. అద్దం అవతలి నుంచి ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది.

"అక్కా, అక్కా, కొట్టకు! అది పాటనే!"

నెల తిరిగేసరికి నాకు ఆ పన్నెండు నిమిషాలు ఇష్టమయ్యాయి. కారణం లెక్కే. సినిమా పాటలో నాలుగు కొట్టాక మళ్లీ నాలుగు వస్తాయని ముందే తెలుసు. వీటిలో అలా కాదు. ఒక దాంట్లో ఒక చప్పుడు మూడింటికోసారి, ఇంకోటి ఐదింటికోసారి వస్తూ పదిహేనో చోట రెండూ కలిశాయి. గళ్ల గుడ్డ కుట్టేటప్పుడు కుడివైపు గడీ, ఎడమవైపు గడీ కుట్టు దగ్గర సరిగ్గా కలిస్తే ఎంత హాయిగా ఉంటుందో అంత హాయిగా అనిపించింది. ఆ రోజు నోటుబుక్కులో నిడివి పక్కన "బాగుంది" అని రాశాను. నిడివి తప్ప ఇంకో మాట నేను రాయడం అదే మొదలు.

మా కమిటీ పెద్దాయనకు మాత్రం నచ్చలేదు. ఆయన తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొనుక్కున్న కుటుంబం. మిర్చి, పత్తి వేస్తారు. మంచివాడే. రేడియో గది పైకప్పు కారితే సొంత ట్రాక్టరులో రేకులు తెచ్చి వేయించాడు. కానీ ఆ నెల మీటింగులో సూటిగా అడిగాడు.

"ఏమ్మా, అది సంగీతమేనా? మిక్సీలో గోళీలేసి తిప్పినట్టుంది. మా ఆవిడ రేడియో పాడైందని రిపేరు షాపుకి పంపింది తెలుసా?"

"ఇనంగ ఇనంగ అలవాటైతది సార్," అంది ఆ పిల్ల.

"ఎవరు వింటున్నారమ్మా? ఆ టైములో జనం అడివి నుంచి వచ్చి బీడీలకు పోయే తునికాకు కట్టలు కట్టుకుంటుంటారు. వాళ్లకి హుషారుగా రెండు పాత పాటలు వేద్దాం. కాదంటావా, వచ్చే మీటింగుకి ఇరవై మంది వింటున్నారని చూపించు. ఇరవై అంటే ఇరవై. లెక్క ఆమె చెప్పాలి." ఆమె అంటే నేను. "ఆమె అబద్ధం చెప్పదు, అదొక్కటే నాకు ధైర్యం."

మీటింగుకు మూడు వారాలు ఉంది.

ఆ సాయంత్రం ఆ పిల్ల నా షాపుకు వచ్చి గుడ్డ ముక్కల బస్తా మీద కూర్చుంది. ఇన్నాళ్లూ ఇతరులవే వినిపించాను, ఇప్పుడు నా సొంతది ఒకటి మొదలుపెట్టాను అంది. "గిది అయిపోకముందే ఆ పన్నెండు నిమిషాలు పోతే, దీన్ని ఎవరికి ఇనిపియ్యాలె అక్కా? మా అమ్మకా? మా అమ్మ ఏది ఇనిపిచ్చినా బంగారం అంటది."

నేను జాకెట్టు గుడ్డ కత్తిరిస్తూ ఉన్నాను. ఆ పిల్ల మాట్లాడటం ఆపి కత్తెర వైపు చూసింది. ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"మళ్ల ఒకసారి కత్తిరియ్యి."

అలా నా కత్తెర ఆమె పాటలో చేరింది. గుడ్డ మీద ఏడుసార్లు కర్‌కర్ మంటుంది. ఏడో కత్తిరింపు కొంచెం గట్టిగా. అట్లాంటివి ఏడు వరుసలు. చివరి వరుస అయిన వెంటనే నా ఇస్త్రీ పెట్టె బల్ల మీద దబ్బున పడుతుంది. తర్వాత పన్నెండు సెకన్లు కత్తెర ఉండదు. బాబిన్‌కు దారం చుట్టుకునే సన్నని హోరు మాత్రం ఉంటుంది. మళ్లీ మొదటి నుంచి.

ఎన్నిసార్లు కత్తిరించాలి అని నన్ను అడిగింది. యాభై అన్నాను. యాభై అయితే లెక్క నిండుగా ఉంటుంది.

"వద్దక్కా. యాభై ఆకులైతే ఒక కట్ట. అది అందరికీ ఎర్కే. ఒకటి తక్కువ పెడితే చెవి ఆ ఒక్కదాని కోసం ఎదురు చూస్తది."

నాకు మింగుడు పడలేదు. అంచు కుట్టకుండా జాకెట్టు ఇచ్చినట్టుంది అన్నాను. ఆమె నవ్వి నలభై తొమ్మిదే ఉంచింది. నేను కొలిచాను: ఒక విడత యాభై రెండు సెకన్లు, పది విడతలు, మొత్తం ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. లెక్క తెగింది కాబట్టి ఊరుకున్నాను.

ఈలోగా వినేవాళ్ల లెక్క మొదలుపెట్టాను. ఆ పన్నెండు నిమిషాల్లో స్టేషనుకు వచ్చే ప్రతి ఫోనూ రాశాను. రెండు వారాల్లో పంతొమ్మిది వచ్చాయి. పదకొండు మంది రేడియో ఖరాబైందా అని అడిగారు. నలుగురు సినిమా పాట వేయమన్నారు. ఒకటి తప్పు నంబరు. ఒకటి ఫోను పనిచేస్తుందో లేదోనని నేనే చేసింది. మిగిలిన రెండూ "ప్రోగ్రాం మస్తుగున్నది" అనేవి. రెండో గొంతు కొంచెం మార్చినట్టు ఉంది కానీ, రెండింటి వెనకా ఒకటే కుక్కరు విజిలు వినిపించింది.

"మీ అమ్మేనా?" అని అడిగాను.

"అవ్," అంది ఆ పిల్ల నేల చూస్తూ. "వద్దన్న అక్కా. ఇనలే."

పంతొమ్మిదిలో పంతొమ్మిది తీసేస్తే మిగిలింది సున్నా. సున్నా అనే రాశాను. తల్లివి రెండూ వేసుకో అని నా మనసు ఒకసారి అంది. వేసుకున్నా రెండే, ఇరవై కాదు. అందుకని మంచిదాన్నయ్యానో, నిజంగానే మంచిదాన్నో నాకు తెలియదు.

మూడో వారం మంగళవారం ఆమె పాట పూర్తయింది. తొమ్మిదీ ముప్పై ఒకటికి మైకు ముందు గొంతు సవరించుకుని, "ఇది నేను చేసిన. పేరు ఇంకా పెట్టలేదు," అని వదిలింది. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లూ అద్దం అవతల కళ్లు మూసుకుని కూర్చుంది. ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. రేడియో ఖరాబైందని అడిగేవాళ్లు కూడా చేయలేదు. మా వాళ్లు ఇక విసిగిపోయి కట్టేసుకున్నారేమో అనుకున్నాను. ఆమె హెడ్‌ఫోను తీసి, "రేపు కూడా ఇదే వేద్దామా, ఎట్లాగూ రెండు రోజులే ఉంది," అంది.

ఆ సాయంత్రం కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి స్కూటీ మీద అడవి అంచు గూడేనికి వెళ్లాను. తునికాకు రోజులు. ఆడవాళ్లు చీకటితో అడవికి పోయి ఆకు కోసుకుని, ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చి, పంచలో కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కడతారు. సాయంత్రం కట్టలన్నీ కల్లానికి తెస్తారు. కల్లం అంటే కట్టలు లెక్క చూసుకుని వరుసలుగా నేల మీద పరిచి ఎండబెట్టే చోటు. దాన్ని చూసుకునే మనిషిని కల్లేదారు అంటారు. ఎవరికి వాళ్ల కార్డు, ఎవరి వరుస వాళ్లది. పొద్దున ఏ ఇంట్లో అయినా అందరిదీ కలిపి ఒక ఫోనో, చిన్న రేడియోనో దూలానికి వేలాడుతూ ఉంటుంది.

నేను వెళ్లేసరికి కల్లంలో గోలగా ఉంది. కల్లేదారు తలపాగా తీసి నడుముకు కట్టుకుని తిరుగుతున్నాడు.

"ఇరవై ఏండ్ల సంది సూస్తున్న. ఒకరికో ఇద్దరికో తక్కువొస్తది, సరే. గిదేంది? అందరికీ ఒకటే తక్కువ! మాట్లాడుకొని కట్టిన్రా ఏంది?"

"ఏ, నీ కండ్లు సక్కగ లేవు," అంది ఒకామె.

"నా కండ్లెందుకు, నువ్వే ఎంచు. ఎంచు! గట్టిగ ఎంచు!"

ఆమె కట్ట విప్పి పైకి ఎంచింది. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. చేయి ఖాళీ అయింది. ఆమె తన చేతి వైపే చూసుకుంది, ఎవరో ఎత్తుకుపోయినట్టు.

నా చేతిలోంచి జాకెట్ల సంచి జారింది. నలభై తొమ్మిది.

"ఒక్కొక్కరికి గట్లాంటి కట్టలు ఎన్ని?" అని అడిగాను.

"గదే నాకూ సమజ్ కావట్లే అక్కా," అన్నాడు కల్లేదారు. "ఈమెవి పది. ఆమెవి పది. మిగతావన్నీ మంచిగనే ఉన్నయ్."

పది విడతలు. నేను నోటుబుక్కు తీశాను. రూళ్లు దాటకుండా రాశాను. అందరినీ ఎవరి వరుస ముందు వాళ్లను కూర్చోబెట్టి, కట్టలన్నీ మళ్లీ ఎంచమన్నాను. కల్లేదారుకు కావాల్సిందీ అదే కాబట్టి అడ్డు చెప్పలేదు. నేను వరుసల మధ్య తిరుగుతూ రాసుకున్నాను.

"పొద్దుగాల రేడియో పెట్టుకున్నరా?" అని ఒక ముసలామెను అడిగాను.

"పెట్టినం. ఏదో కత్తెర పాటొచ్చింది," అంది. "మేము ముచ్చట్లు పెట్టుకుంటనే కడతం. చేతులు వాటంతట అవే పోతుంటయ్. కర్ అంటే ఒక ఆకు, కర్ అంటే ఒక ఆకు. దబ్ అంటే నార చుట్టినం. మంచిగ సాగింది పని. గంత జల్దీ ఎన్నడు కాలే." పక్కనున్న ఆమెకు కోయలో ఏదో చెప్పి ఇద్దరూ నవ్వారు.

"ఏమంటున్నది?"

"నీ జాకెట్లకు గుండీలు ఎంచుకోమంటున్నది," అంది పక్కనామె. "అవి కూడా ఒకటి తక్కువ తెచ్చినవేమో అని."

ఆ రోజు కల్లానికి ఆకు తెచ్చినవాళ్లు ముప్పై ఒక్క మంది. తక్కువ కట్టలు ఉన్నవాళ్లు ఇరవై ముగ్గురు. చాలామందికి పది, కొందరికి తొమ్మిది, ఒకామెకు ఆరు. ఆరు అయ్యాక పొయ్యి మీద పప్పు చూడటానికి లేచిందట. ఒకామెకు రెండే ఉన్నాయి. అవి నలభై ఏడు, నలభై ఆరు. ఆమె రోజూ అంతేనని కల్లేదారు చెప్పాడు కాబట్టి తీసేశాను. ఇంకొక పెద్దామెకు సరిగ్గా పది ఉన్నాయి. సంతోషంగా రాసుకుంటుంటే పక్కవాళ్లు చెప్పారు, ఆమెకు రెండు చెవులూ వినపడవని. ఎదురుగా కూర్చున్న కోడలి చేతులు చూస్తూ కట్టిందట. చాలాసేపు ఆలోచించి ఆమెను కూడా తీసేశాను. మిగిలింది ఇరవై ఒకటి.

అందరూ తక్కువ వచ్చిన కట్టలు విప్పి, తగ్గిన ఆకు కలిపి మళ్లీ కట్టుకున్నారు. అది నా కత్తెర వల్లే అని నేను అక్కడ చెప్పలేదు. జాకెట్లు ఇచ్చి, గుండీలు ఎంచి చూపించి వచ్చేశాను.

రాత్రి ఫోను చేసి ఆ పిల్లకు చెప్పాను. అవతల ఏదో గరగరమంది. లైను పోయిందనుకున్నాను. ఏడుస్తూ నవ్వుతోంది.

"చెవులు ఇనపడని అమ్మను ఎందుకు తీసేసినవ్ అక్కా? అందరికంటే మంచిగ ఇన్నది ఆమెనే!"

"వినలేదు. చూసింది."

"గట్లంటే ఎట్ల?"

"ఇరవై ఒకటి చాలు బిడ్డా. పండుకో."

మరునాడు వేయాల్సిన పాట ఆపేశాం. మళ్లీ కట్టలు చెడితే బాగుండదని.

మీటింగుకు నేను నోటుబుక్కుతో పోయేసరికి కల్లేదారు ముందే వచ్చి కూర్చున్నాడు. ఇదంతా కత్తెర పాట వల్లేనన్న సంగతి ఎలాగో ఆయన దాకా చేరింది. అంతా చెప్పాను. ఫోన్లు పంతొమ్మిది, అందులో వినేవాళ్లు సున్నా. కల్లంలో ఇరవై ముగ్గురు, తీసేసినవాళ్లు ఇద్దరు, ఎందుకు తీశానో అది. పాటలో నా కత్తెర ఉంది కాబట్టి నేను పాట మంచిదనీ చెడ్డదనీ చెప్పనన్నాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే ఈ అమ్మాయి పాట మూలంగా ఊళ్లో కట్టలన్నీ చెడిపోయాయని చెప్పి, పాట ఉంచమంటున్నావు."

"నేను ఉంచమనలేదండి. ఇరవై ఒకటి అన్నాను."

"నలభై ఏళ్లుగా కూలీలను పిలిచి చెప్తున్నాను, ఒక్కరూ నా మాట ఇంత శ్రద్ధగా వినలేదు," అన్నాడు. గది అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

కల్లేదారు మాత్రం నవ్వలేదు. "సార్, ఇన్నరు, సరే. నా పని ఏం కావాలె? ఆకు రోజులు అయ్యేదాంక అది బందు పెట్టున్రి. లేకుంటే యాభై చెయ్యమనున్రి. ఒక్క దెబ్బనే గద!"

"చెయ్యమ్మా, ఒక్క దెబ్బేగా," అన్నాడు పెద్దాయన.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "యాభై అయితే అది నా పాట కాదు సార్. కావాలంటే బందు పెట్టున్రి."

పన్నెండు నిమిషాలు చేతికి వచ్చి మళ్లీ జారిపోతున్నాయి. ఆమె మొండితనానికి నాకు కోపం వచ్చింది. అదే సమయంలో, అంచు లేని జాకెట్టు అన్న నేను, ఇప్పుడు ఆ అంచు ఎవరూ కుట్టకూడదని కోరుకుంటున్నాను. సంచిలో చేయి పెట్టాను. కత్తెర ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది.

"పాట అట్లాగే ఉండనీయండి," అన్నాను. "ఇస్త్రీ పెట్టె పడినప్పుడల్లా నేను మైకు దగ్గర ఒకటి కత్తిరిస్తాను. ఆకు రోజులు అయ్యేదాకా. రోజుకు పదిసార్లేగా."

కల్లేదారు వేళ్ల మీద ఏదో ఎంచుకున్నాడు. "తప్పకుండ కత్తిరిస్తవా?"

"ఆమె తప్పదయ్యా," అన్నాడు పెద్దాయన. ఆ పిల్ల నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది. బయటి నుంచి వచ్చే ఒక్కటి తన పాటకు తక్కువ చేయదని మెట్లు దిగుతుంటే చెప్పింది. సంగీతం లెక్కలు ఆమెవి. నేను తల ఊపాను.

సోమవారం నేను మొదటిసారి అద్దం అవతలికి పోయి కూర్చున్నాను. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో పాత లంగా ముక్క. నోటుబుక్కు మోకాలి మీద. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి అని పెదవులతో ఎంచుకుంటూ, నలభై తొమ్మిది కాగానే దబ్బుతో పాటే కర్ మనిపించాను. ఎనిమిది విడతలు బాగా కుదిరాయి. తొమ్మిదో విడతలో నా కత్తెర ఎన్ని సెకన్లు వచ్చిందో రాసుకుందామని పెన్ను తీశాను. ఇస్త్రీ పెట్టె పడిపోయింది. నేను కత్తిరించేసరికి ఒక సెకను ఆలస్యమైంది. పదోది సరిగ్గానే వేశాను.

పాట అయిన వెంటనే ఫోను మోగింది.

"ఇగో, ఆ కత్తెరమ్మ నిద్ర పోతున్నదా?" అంది ఒక ఆడగొంతు. "తొమ్మిదో కట్టకాడ ఆకు పట్టుకొని కూసున్నం!"

"తప్పైంది అక్కా. మీది ఏ ఊరు?"

ఆమె చెప్పిన ఊరు నేను ఆ రోజు చూసిన కల్లం కింద లేదు. వెనక కుక్కరు విజిలు కూడా లేదు. నోటుబుక్కులో ఆలస్యం ఒక సెకను అని రాసి, కింద ఇరవై ఒకటి కొట్టేసి, ఇరవై రెండు వేశాను.